మబ్బులేని మెరుపులు

ఊరి చివర, మేడ మీద పొడవాటి యాంటెన్నా ఉన్న రెండు గదుల మెరుపుల పరిశోధన కేంద్రం. మధ్యాహ్నం మూడు కావస్తోంది. సైంటిస్టు తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. వయసు మళ్ళిన వాచ్‌మన్ గుమ్మంలో నిలబడి, గంట నుంచి మాటకు సందు వెతుక్కుంటున్నాడు.

"అది కాదు సారూ, ఒక్క ముక్క. సామాను ఒకటి పాడైంది..."

"సామాను సంగతి రేపు. ఇంకో అరగంటలో డైరెక్టరు మేడమ్ దిగుతారు. ఈ బల్ల మీద దుమ్ము పోక నేను చస్తుంటే నీకు సామాను గుర్తొచ్చిందా పెద్దాయనా? ఫిర్యాదుల పుస్తకంలో రాశావా?"

"రాశాను సారూ. రాసి చాలా రోజులే..."

"రాశావుగా, ఇంకేం. పుస్తకంలో రాస్తే ఆఫీసుకి చెప్పినట్టే."

"ఇక్కడ ఆఫీసంటే మీరే కదా సారూ."

"నేనే. కానీ నాకు చెప్పడం వేరు, ఆఫీసుకి చెప్పడం వేరు. సరే, పొద్దున నేను చెప్పింది ఒకసారి అప్పజెప్పు."

"మేడమ్ అడిగినదానికే సమాధానం చెప్పాలి."

"తర్వాత?"

"అడగంది చెప్పకూడదు."

"తర్వాత?"

"అంతే సారూ. మీరు రెండే చెప్పారు."

"మూడోది ఇప్పుడు చెప్తున్నాను. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. కిందటిసారి ఇంకో ఊళ్ళో ఒక వాచ్‌మన్ మధ్యలో మాట్లాడాడని, ఏకంగా ఆ స్టేషన్నే ఎత్తేశారు."

"ఏం మాట్లాడాడు సారూ?"

"కప్పు కారుతోందన్నాడు."

"కారిందా?"

"కారితే మాత్రం! పెద్దాయనా, నాకు ప్రాణం మీదికొచ్చింది. ఐదింటిలోపు నా రిపోర్టు మీద సంతకం పెట్టి మేడమ్ పై కమిటీకి పంపితే మనం ఉంటాం. పంపకపోతే నెలాఖరుకి తాళం. నన్ను ఎక్కడో ఒక మూల కూర్చోబెడతారు. నిన్ను..."

"నా సంగతి మీరు చెప్పక్కర్లేదులెండి. పదకొండేళ్ళు ఈ గేటు తీశాను, వేశాను. ఈ వయసులో ఇంకో గేటు నాకెవరిస్తారు? మా ఆవిడకి ఇంకా చెప్పనే లేదు. ఒకటి అడగనా సారూ? ఆ రిపోర్టులో ఏముంది? మీ సారు దేవుడి మెరుపుని పట్టుకుని ఏం చేస్తున్నారని మా ఆవిడ రోజూ అడుగుతుంది."

"నీకు అర్థమయ్యేలా చెప్తా విను. మెరుపు మెరిసినప్పుడు రేడియో గరగరలాడుతుందా, లేదా?"

"ఆడుతుంది."

"ఆ గరగరే మనక్కావాలి. పైనున్న యాంటెన్నా దాన్ని పట్టి ఈ పెట్టెలో వేస్తుంది. నీకది ఉత్త గరగర. నాకు అందులో కథంతా వినపడుతుంది. మెరుపు ఎక్కడ పుట్టింది, ఎన్ని కొమ్మలు వేసింది, ఏ కొమ్మ నేలకి దిగింది, అన్నీ."

"ఎలా సారూ?"

"వేవ్‌లెట్ అని ఒక పద్ధతి. చిట్టి అల అనుకో. ముందు ఒక తల్లి అలని తీసుకుంటాం. దాన్ని సాగదీస్తే పెద్ద కూతురు, నొక్కితే చిన్న కూతురు. అలా ఓ ముప్ఫైమంది. ఒక్కో కూతుర్ని ఆ గరగర పక్కన నిలబెట్టి, మెల్లగా జరుపుకుంటూ పోతాం. ఏ చోట ఏ కూతురి పోలిక కలిస్తే అక్కడ రంగు వేస్తాం. ఆ రంగుల బొమ్మే మెరుపు జాతకం."

"పుట్టిన బిడ్డని చూసి ముక్కు మేనత్తది, చెవులు తాతవి అంటారే, అలాగా?"

"అబ్బ, సరిగ్గా పట్టుకున్నావు!"

"తల్లి అలని ఎవరు ఎంచుతారు సారూ?"

"నేనే."

"అయితే బిడ్డలో మీకు కావలసిన పోలికే కనపడదూ?"

"ఏంటి, మళ్ళీ అను?"

"ఊరికే అడిగాను సారూ."

"ఇలాంటివి మేడమ్ ముందు ఊరికే కూడా అడక్కు. అసలు సంగతి విను. నిరుడు వానల నుంచి ఒక వింత జరుగుతోంది. వాన వెలిసి రెండు మూడు రోజులవుతుంది. పైన మబ్బు తునక ఉండదు. సాయంత్రం ఆరయ్యేసరికి సిగ్నల్ మొదలు. టప్‌మని ఒకటి, వెనకాల చిటచిటమని చిన్నవి. ఏడున్నరకి ఎవరో కట్టేసినట్టు ఆగిపోతుంది. మబ్బు లేకుండా మెరుపు! ఇంతవరకు ఎవరూ చూడలేదు."

"నేనూ చూడలేదు సారూ."

"కంటికి కనపడేది కాదయ్యా. ఇంకో విచిత్రం ఏంటంటే, మొన్నమొన్నటి దాకా చిన్న కూతుళ్ళే కలిసేవారు. ఈ రెండు వారాల్లో పెద్ద కూతుళ్ళు కూడా కలుస్తున్నారు. అంటే ఎక్కడో చాలా పెద్దదే జరుగుతోంది. నిన్న సాయంత్రం ఆరూ ముప్పావుకి వచ్చింది ఉందే, అది చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను."

"దణ్ణం పెట్టారా?"

"ఎవరికి?"

"పంపినవాడికి."

"రిపోర్టు పంపాక పెడతాలే. దీనికి పేరు కూడా పెట్టాను. మేడమ్ పేరు."

"మెరుపుకి మేడమ్ పేరా?"

"నా పేరు పెడితే స్టేషన్ మూస్తారు. మేడమ్ పేరు పెడితే మూయరు. ఆ సైన్సు నీకు తెలీదులే."

"అది తెలిసింది సారూ. మొదటిదే ఇంకా తెలియాలి. అదుగో, జీపు."

జీపు ఆగింది. తలుపు ధడాలున పడింది. డైరెక్టరమ్మ ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో ముఖానికి ఫైలు విసురుకుంటూ లోపలికి వచ్చింది.

"ఏమండీ సైంటిస్టు గారూ, ఇది రోడ్డా? నా నడుం రెండు ముక్కలైంది. ఈయనెవరు?"

"మా వాచ్‌మన్ మేడమ్."

"దణ్ణాలమ్మగారూ."

"ఏమయ్యా, ఇక్కడ ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"ఉన్నవి పుస్తకంలో రాశానమ్మగారూ."

"ఫిర్యాదుల పుస్తకమా? మంచి మాట గుర్తుచేశావు, తే. కిందటి తనిఖీలో ఇందులో నా సంతకం లేదని నన్ను నిలబెట్టి అడిగారు. చివరి పేజీ ఇదేనా? ఆహా, ఏం దస్తూరీ అయ్యా నీది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'చూశాను. తగు చర్య తీసుకోవలెను.' సంతకం, ఇవాళ్టి తేదీ. అయిపోయింది."

"చదివారా అమ్మగారూ?"

"సంతకం పెట్టేశాక ఇంకా చదవడమేంటి? సైంటిస్టు గారూ, మీ రిపోర్టేదీ? ఐదింటికి అటు కమిటీ కూర్చుంటుంది. ఏంటండీ ఇది, అంతా నీలంగా ఉండి మధ్యలో ఎర్రగా..."

"ఆ ఎర్రదే మేడమ్. అది మీరే."

"నేనా?"

"దానికి మీ పేరు పెట్టానండి."

"అబ్బే, ఎందుకండీ ఇవన్నీ! ఇంటిపేరుతో సహా రాశారా?"

"రాశాను మేడమ్."

"అక్షరాలు కొంచెం సన్నగా లేవూ? నాకోసం కాదు, కమిటీలో అందరూ పెద్దవాళ్ళు, చూపు ఆనదు. మా మామగారు బతికుంటే ఎంత సంతోషించేవారో! 'మా కోడలు మెరుపుల ఆఫీసులో ఫైళ్ళు కడుతుంది' అని చుట్టాలందరికీ చెప్పేవారు, పాపం. సరే, ఈ నాలుగో అధ్యాయం ఏంటి, 'నిశ్శబ్ద దశ'?"

"అది చాలా ముఖ్యం మేడమ్. నాలుగు నెలల కిందట సరిగ్గా పది రోజులు ఒక్క సిగ్నలూ రాలేదు. ఆకాశం ఆ పది రోజులూ శక్తిని కూడదీసుకుందని నా సిద్ధాంతం. నలభై పేజీలు రాశాను."

"బాగుంది. గంభీరంగా ఉంది. కలమివ్వండి, సంతకం... అబ్బా! పట్టపగలు ఇన్ని దోమలేంటండీ?"

"వాన వెలిసి నాలుగు రోజులైంది మేడమ్. వెనకాల గుంటలో నీళ్ళు నిలిచాయి."

"ఆ కొక్కానికి వేలాడుతోంది దోమల బ్యాటేనా? ఇటివ్వు. ఏది, మీట ఇదేనా? వెలగదేం?"

"అమ్మగారూ, అది..."

"ఛార్జింగ్ పెట్టి ఉండవు. మా ఇంట్లోనూ ఇదే భాగోతం. మా అత్తగారికి ఈ బ్యాటంటే ప్రాణం. సాయంత్రం అయ్యేసరికి వీధి అరుగు మీద దీన్ని పట్టుకుని కూర్చుంటారు. టప్‌మంటుంది, వెనకాల చిటచిట, చిట... చిట..."

"మేడమ్? సంతకం ఇక్కడండి."

"ఉండండి. మీ సిగ్నల్ ఎలా ఉంటుందని రాశారు?"

"టప్‌మని ఒక పెద్ద..."

"వెనకాల?"

"వెనకాల... చిట..."

"ఊఁ. ఏమయ్యా, ఇటు రా. ఈ బ్యాట్ ఎప్పటిది?"

"నిరుడు వానల్లోదండి. నాకు చలిజ్వరం తగిలి మంచాన పడితే సారే బజారుకెళ్ళి కొని తెచ్చారు. దేవుడిలాంటి మనిషమ్మగారూ."

"అడిగినదానికే చెప్పు. దీన్ని పట్టుకుని ఎక్కడ కూర్చునేవాడివి?"

"మేడ మెట్ల మీదండి. యాంటెన్నా కింద. అక్కడైతే గాలి తగులుతుంది."

"ఎన్నింటి నుంచి?"

"ఆరింటి నుంచండి."

"ఎన్నింటి దాకా?"

"ఏడున్నరకి మా ఆవిడ అన్నానికి పిలుస్తుందండి."

"నాలుగు నెలల కిందట ఓ పది రోజులు ఎక్కడికైనా వెళ్ళావా?"

"మా అమ్మాయికి కాన్పైతే వెళ్ళామండి. మగపిల్లాడు. ముక్కు అచ్చం నాదే."

"విన్నారా సైంటిస్టు గారూ? మీ ఆకాశం శక్తిని కూడదీసుకోలేదు. మనవణ్ణి ఎత్తుకోడానికి వెళ్ళింది."

"మేడమ్... మేడమ్, ఒక్క నిమిషం. మొదట్లో వచ్చినవి అలా అయితే అయి ఉండచ్చు. కానీ ఈ రెండు వారాలవి అలాంటివి కావండి. బ్యాట్‌లో పుట్టే నిప్పురవ్వ ఎంత? చిన్న కూతుళ్ళతోనే పోలిక రావాలి. ఇవి పెద్ద కూతుళ్ళతో కూడా..."

"ఏం కూతుళ్ళండీ! తల్లిని ఎంచింది మీరు. పిల్లల్ని కన్నది మీరు. పోలిక మీకు కనపడక పక్కింటివాళ్ళకి కనపడుతుందా?"

"పెద్దాయనా, నువ్వూ ఇదే అన్నావు కదూ?"

"నేను అడిగానంతే సారూ. అమ్మగారూ, ఒక్క మాట..."

"నిన్నడగలేదు."

"సారూ, మీరైనా..."

"మేడమ్ అడగలేదన్నారుగా, ఆగు!"

"వాన ఎక్కువైతే సిగ్నళ్ళు ఎక్కువవుతాయని రెండో అధ్యాయంలో రాశారు. వాన ఎక్కువైతే ఏం ఎక్కువవుతుందండీ?"

"దోమలు మేడమ్."

"మరి ఈ బొమ్మలో ఒక్కో చుక్కా ఏంటి?"

"అలా చూస్తే... ఒక్కో దోమ."

"ఎన్ని చుక్కలున్నాయి?"

"పదకొండు వేల పైచిలుకు."

"పదకొండు వేల దోమలకి నా పేరు పెట్టారు! ఇంటిపేరుతో సహా! రేపు కమిటీలో ఎవడో ఒకడు దీన్ని కనిపెడితే? నేను నడిచొస్తుంటే వెనకాల చిటచిట అనరూ?"

"ఒక్కరోజు గడువివ్వండి మేడమ్. ఇంకో బ్యాట్ తెచ్చి యాంటెన్నా కింద నొక్కి చూస్తాను. ఆ బొమ్మా ఈ బొమ్మా పక్కపక్కన పెడితే తేలిపోతుంది."

"ఏం తేలుతుంది? ఇంత పెద్ద సంస్థ దోమల బ్యాట్ మీద పరిశోధన చేసిందని తేలుతుంది. పరీక్ష చేస్తే దానికో ఫైలు, ఫైలు మీద నా సంతకం. చేయకపోతే ఏ గొడవా లేదు. ఇవన్నీ చెరిపేయండి."

"రిపోర్టా మేడమ్?"

"రిపోర్టూ, రికార్డులూ, ఆ పెట్టెలో ఉన్నవన్నీ."

"నిన్నటిది కూడానా? మేడమ్, నిన్న సాయంత్రం ఆరూ ముప్పావుది ఒక్కటి..."

"ముందు దాన్నే చెరపండి. హెడ్డాఫీసులో ఉన్న నకలు నేను తీయిస్తాను. హలో, నేనే. సైంటిస్టు గారు పంపిన మెరుపులున్నాయే, అవును, నా పేరుతో ఉన్నవే. తీసెయ్. ఎందుకేంటి? నేనంటున్నాను కాబట్టి. తీశావా? మళ్ళీ చూడు. ఆఁ, సరే."

"అమ్మగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతా, నన్ను ఒక్కటి చెప్పనివ్వండి..."

"చెప్పక్కర్లేదయ్యా, నీ బాధ నాకు తెలీదా? స్టేషన్ పోతే నువ్వేమైపోతావనేగా. అడిగినదానికి అడిగినట్టు చెప్పావు, ఒక్క మాట ఎక్కువ లేదు. నీలాంటివాళ్ళు మాకు కావాలి. హెడ్డాఫీసు గేటు దగ్గర నీకు చోటు చూస్తాను. సంతోషమేనా?"

"మరి సారుకో అమ్మగారూ?"

"సారుకీ చూడాలి. టపా విడదీసే బల్ల ఒకటి ఖాళీగా ఉంది. పెద్ద కవర్లు ఒక పక్క, చిన్న కవర్లు ఒక పక్క. ఆయనకి అలవాటైన పనే. ఏమండీ, చెరిపారా?"

"పెట్టె అడుగుతోంది మేడమ్. నిజంగానే చెరపమంటారా, మళ్ళీ తిరిగి రావు అని."

"దానికున్న పాటి అనుమానం మీకు మొదట్లో ఉండాల్సింది. అవునని నొక్కండి."

"నొక్కుతున్నాను మేడమ్."

"నొక్కారా?"

"నొక్కాను మేడమ్."

"అమ్మయ్య. కమిటీకి ఫోన్లో చెప్తాను, ఈ స్టేషన్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదని. యాంటెన్నా రేపు మనుషులొచ్చి దించుతారు. మీరు సామాన్లు కట్టుకోండి. వస్తాను. అబ్బా, మళ్ళీ ఆ రోడ్డు మీదే వెళ్ళాలి కదూ!"

జీపు చప్పుడు మలుపు దాకా వినబడి ఆగిపోయింది. ఎండ గుమ్మం దాటి గోడెక్కింది.

"కూర్చోండి సారూ. ఇవిగో మంచినీళ్ళు. ఏడుస్తున్నారా?"

"లేదు. కంట్లో ఏదో పడింది."

"రెండు కళ్ళల్లోనా?"

"ఆరేళ్ళు పెద్దాయనా. మా చిన్నదానికి నేను లేకుండా నడకొచ్చింది, మాటలొచ్చాయి. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట చెప్పాను, ఇంకొక్క వాన చూసి వచ్చేస్తానని. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పను? దోమల్ని లెక్కపెట్టానని చెప్పనా?"

"నా మీద కోపంగా ఉందా సారూ?"

"నీ మీదెందుకు? బ్యాట్ కొన్నది నేను. నా మెరుపుని నేనే బజారుకెళ్ళి బేరమాడి తెచ్చుకున్నాను. పది రూపాయలు తగ్గించాడని సంబరపడ్డాను కూడా."

"ఇప్పుడైనా చెప్పచ్చా సారూ? మేడమ్ వెళ్ళిపోయారుగా."

"ఇంకా ఏం చెప్తావు? ఆ అట్టపెట్టె ఇలా జరుపు. ఫిర్యాదుల పుస్తకం కూడా తే, అన్నీ అప్పజెప్పాలి. పైగా 'తగు చర్య' అని రాసి పోయింది మహాతల్లి. ఏ చర్యో చూద్దాం. 'రెండో తేదీ. గేటు గొళ్ళెం వదులైనది.' ఇక వదులైతేనేం, బిగుతైతేనేం. 'ఏడో తేదీ. కుళాయి కారుచున్నది.' కారనీ."

"దాని కింద చూడండి సారూ. అదే చివరిది."

"'పదకొండో తేదీ. అయ్యా, తమరు దయతో ఇప్పించిన దోమల బ్యాట్ చేయి జారి మెట్ల మీద పడి పూర్తిగా పాడైనది. ఎంత ఛార్జింగ్ పెట్టినను వెలుగుట లేదు. వేరొకటి ఇప్పించవలెనని ప్రార్థన.' పదకొండా? పెద్దాయనా, ఈ నెల పదకొండేనా?"

"ఈ నెలదే సారూ."

"ఇవాళ తేదీ ఎంత?"

"ఇరవై ఎనిమిది. మేడమ్ సంతకం పక్కనే వేశారు, చూడండి."

"పదిహేడు రోజులు... మధ్యలో ఇంకో బ్యాట్ ఏమైనా కొన్నావా? ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నావా? నిజం చెప్పు."

"ఎక్కడిది సారూ? మీరు ఇప్పిస్తారనే ఎదురుచూస్తున్నాను."

"మరి నిన్న సాయంత్రం ఆరూ ముప్పావుకి, ఆ మెట్ల మీద కూర్చుని దోమలకి ఏం చేశావు?"

"కాయిల్ వెలిగించుకున్నాను సారూ."